స్విచ్‌లో ఐపీ రౌటింగ్ అమర్చడం: పోయే దారితో పాటు తిరుగుదారి కూడా

విశాఖపట్నంలో చిన్న, మధ్యతరహా కార్యాలయాల నెట్‌వర్క్ చూసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లేయర్-3 స్విచ్ (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య దారి కూడా చూపే స్విచ్) కొన్నాం, వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) వేశాం, రౌటింగ్ (వాటి మధ్య దారి చూపడం) కూడా ఆన్ చేశాం, అయినా ఒక విభాగం కంప్యూటరు నుంచి మరో విభాగం ప్రింటరుకు ప్రింటు వెళ్లడం లేదు, లేదా లోపల అంతా బాగానే ఉంది గానీ ఇంటర్నెట్ రావడం లేదు, ఎందుకని?

రౌటింగ్ ఆన్ చేయడం ఒక్క వరుస పని. చిక్కంతా ఆ వరుసకు ముందు చేయవలసినదానిలో, తరువాత చేయవలసినదానిలో ఉంటుంది. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారపు చిన్న ముక్క) వెళ్లే దారిని అందరూ చూసుకుంటారు. జవాబు తిరిగి వచ్చే దారిని చూసేవారు తక్కువ, ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. అందుకని ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా ఆ రెండో దారిని కూడా పరిశీలిస్తూ వెళదాం.

ఉదాహరణకు ద్వారకానగర్‌లో మూడంతస్తుల కార్యాలయం ఒకటి ఉందనుకుందాం. కింది అంతస్తు ర్యాక్‌లో ఒక లేయర్-3 స్విచ్, పై రెండు అంతస్తుల్లో రౌటింగ్ చేయని ఒక్కొక్క లేయర్-2 స్విచ్, ఇంటర్నెట్ వైపు ఒక ఫైర్‌వాల్ (రాకపోకలను తనిఖీ చేసే పరికరం) ఉన్నాయి. ఆదేశాలు సిస్కో క్యాటలిస్ట్ తరహావి. వాటిని ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను, కన్సోల్‌లో (స్విచ్‌కు నేరుగా కేబుల్ కలిపి ఆదేశాలు కొట్టే తెరలో) ఆంగ్ల అక్షరాలతో కొట్టాలి.

1. స్విచ్‌కు ఆ శక్తి ఉందో లేదో తేల్చుకోవడం

"మేనేజ్డ్ స్విచ్" అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన అది రౌటింగ్ చేస్తుందని అర్థం కాదు. ముందుగా "షో వెర్షన్" కొట్టి మోడల్, సాఫ్ట్‌వేర్ వివరాలు రాసుకోండి. 3560, 3750 తరహా స్విచ్‌లు నేరుగా రౌటింగ్ చేస్తాయి.

2960 తరహా స్విచ్ అయితే, ల్యాన్ బేస్ సాఫ్ట్‌వేర్ 12.2(55)ఎస్‌ఈ లేదా ఆ తరువాతిది ఉండాలి. దానితో పాటు మెమరీ కేటాయింపు మార్చాలి:

ఎస్‌డీఎమ్ ప్రిఫర్ ల్యాన్‌బేస్-రౌటింగ్

ఈ మార్పు రీలోడ్ చేస్తే తప్ప అమల్లోకి రాదు. ఆపైన కూడా ఇందులో స్టాటిక్ రూటులు (చేతితో రాసిన దారులు) 16 వరకే. ఒకే కార్యాలయానికి అవి చాలు, నాలుగైదు శాఖలున్న సంస్థకు మాత్రం 2960ను నేను సిఫారసు చేయను.

2. చిరునామాల పట్టికను కాగితం మీద తయారుచేయడం

కన్సోల్ ముట్టుకోకముందే ఈ పట్టిక పూర్తి కావాలి. ప్రైవేటు చిరునామాలకు మూడు శ్రేణులున్నాయి: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. గీత తరువాతి సంఖ్య మాస్కు, అంటే చిరునామాలో మొదటి ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌వో చెప్పేది. వీటిలో 192.168.0.0/24, 192.168.1.0/24 రెండింటినీ వాడకండి. ఇళ్లలోని వైఫై రౌటర్లలో చాలావాటికి అవే ఉంటాయి కాబట్టి, ఉద్యోగి ఇంటి నుంచి వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీదుగా కార్యాలయానికి వేసే రహస్య దారిలో) కలిసినప్పుడు రెండు వైపులా ఒకే సబ్‌నెట్ (చిరునామాల సమూహం) వచ్చి జవాబు దారి తప్పుతుంది.

మన ఉదాహరణకు పట్టిక ఇది (గేట్‌వే అంటే ఆ వీల్యాన్ నుంచి బయటకు వెళ్లే తలుపు):

- వీల్యాన్ 10, ఖాతాల విభాగం: 10.20.10.0/24, గేట్‌వే 10.20.10.1
- వీల్యాన్ 20, అమ్మకాల విభాగం: 10.20.20.0/24, గేట్‌వే 10.20.20.1
- వీల్యాన్ 30, సీసీ కెమెరాలు, వాటి రికార్డరు: 10.20.30.0/24, గేట్‌వే 10.20.30.1
- వీల్యాన్ 40, సర్వరు, ప్రింటర్లు: 10.20.40.0/24, గేట్‌వే 10.20.40.1
- వీల్యాన్ 99, స్విచ్‌ల నిర్వహణ: 10.20.99.0/24, గేట్‌వే 10.20.99.1
- స్విచ్‌కు, ఫైర్‌వాల్‌కు మధ్య లింకు: 10.20.254.0/30, ఫైర్‌వాల్ వైపు 10.20.254.1, స్విచ్ వైపు 10.20.254.2

వీల్యాన్ సంఖ్య, చిరునామాలోని మూడో సంఖ్య ఒకటే కావడం కాకతాళీయం కాదు. రాత్రి పదకొండు గంటలకు ఫోనులో ఎవరైనా "10.20.30.15 పలకడం లేదు" అంటే అది కెమెరా అని పట్టిక చూడకుండానే తెలియాలి.

అన్నీ 10.20 తోనే మొదలయ్యేలా ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. ఫైర్‌వాల్‌లో ఐదు తిరుగురూటులకు బదులు ఒక్కటి రాస్తే సరిపోతుంది. దాని సంగతి 7వ మెట్టులో వస్తుంది.

3. పనికి ముందు సరిచూసుకోవలసిన జాబితా

- కన్సోల్ కేబుల్, అది పనిచేస్తున్న లాప్‌టాప్. వేగం 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు.
- ప్రస్తుత కాన్ఫిగరేషన్ నకలు. "షో రన్నింగ్-కాన్ఫిగ్" మొత్తాన్ని పుట్టీ (కన్సోల్ తెర చూపే ప్రోగ్రాము) లాగ్‌గా దాచినా చాలు.
- ఫైర్‌వాల్ అడ్మిన్ పాస్‌వర్డు. ఇది వేరొకరి దగ్గర ఉంటే ఆ మనిషి కూడా అందుబాటులో ఉండాలి.
- చేతితో ఐపీ పెట్టిన పరికరాల జాబితా: ప్రింటర్లు, కెమెరా రికార్డరు, హాజరు యంత్రం, సర్వరు.
- పని చేసే వేళ. ఖాతాల విభాగం ఉన్న కార్యాలయమైతే నెలలో 11, 20 తేదీల ముందు రోజుల్లో వద్దు. జీఎస్టీ రిటర్నుల హడావిడిలో గేట్‌వే మార్చడం ఎవరికీ మంచిది కాదు.

కన్సోల్ కేబుల్ ఎందుకంటే, రౌటింగ్ ఆన్ చేసిన క్షణాన దూరం నుంచి పెట్టుకున్న కనెక్షన్ తెగిపోయే అవకాశం ఉంది. కారణం 6వ మెట్టులో ఉంది. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు వైపు కార్యాలయాలకు ఇంకొక మాట: ఉప్పుగాలికి కన్సోల్ పోర్టు లోపలి పిన్నులు పచ్చబారి కనబడతాయి. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే ముందు వేగం 9600 ఉందో లేదో చూసి, ఆ తరువాత పోర్టును కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి.

తప్పనిసరై దూరం నుంచే చేయవలసి వస్తే, మొదట కాన్ఫిగరేషన్ సేవ్ చేసి "రీలోడ్ ఇన్ 20" కొట్టి మొదలుపెట్టండి. కనెక్షన్ తెగినా 20 నిమిషాల్లో స్విచ్ పాత స్థితితో లేస్తుంది. పని సవ్యంగా జరిగితే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టడం మరువకండి. మధ్యలో సేవ్ చేశారా, ఈ రక్షణ పోయినట్టే.

4. వీల్యాన్‌లు, ట్రంకులు

ఇక్కడ త్వరగా వెళదాం. లేయర్-3 స్విచ్‌లోనూ, పై అంతస్తుల స్విచ్‌లలోనూ అవసరమైన వీల్యాన్‌లు సృష్టించి, "షో వీల్యాన్ బ్రీఫ్"లో కనబడుతున్నాయని చూసుకోండి. పై అంతస్తులకు వెళ్లే పోర్టులు ట్రంకులు (ఒకే కేబుల్ మీద చాలా వీల్యాన్‌లను మోసేవి) కావాలి:

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/23
స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ
స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 10,20,30,40,99

రెండో వరుస 3560, 3750 తరహాకు అవసరం. 2960లో ఆ ఆదేశమే ఉండదు, తిరస్కరిస్తే కంగారుపడనవసరం లేదు.

తరువాతెప్పుడో వీల్యాన్ 50 చేర్చవలసి వచ్చినప్పుడు "అలౌడ్ వీల్యాన్ యాడ్ 50" అని రాయాలి. "యాడ్" వదిలేస్తే పాత జాబితా మొత్తం చెరిగిపోయి 50 ఒక్కటే మిగులుతుంది, ఆ అంతస్తు అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది.

పై అంతస్తుల లేయర్-2 స్విచ్‌లకు వీల్యాన్ 99లో చిరునామా ఇచ్చి, "ఐపీ డిఫాల్ట్-గేట్‌వే 10.20.99.1" పెట్టండి. ఇది లేకపోతే వేరే వీల్యాన్ నుంచి మీరు పంపిన పలుకు ఆ స్విచ్‌ను చేరుతుంది గానీ, దానికి జవాబు పంపే దారి తెలియదు.

5. వీల్యాన్‌లకు గేట్‌వే చిరునామాలు

ప్రతి వీల్యాన్‌కు లేయర్-3 స్విచ్‌లో ఒక ఇంటర్‌ఫేస్ పెడతాం. దీనినే ఎస్‌వీఐ అంటారు.

ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
ఐపీ అడ్రస్ 10.20.10.1 255.255.255.0
నో షట్‌డౌన్

ఇలాగే 20, 30, 40, 99 లకు. తరువాత "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్"లో ప్రతి ఎస్‌వీఐ ఎదుటా అప్, అప్ అని రెండుసార్లు ఉండాలి. అప్, డౌన్ అని ఉంటే ఈ మూడింటిలో ఒకటి కారణం:

- ఆ వీల్యాన్ డేటాబేస్‌లో లేదు. ఎస్‌వీఐ రాసినంత మాత్రాన వీల్యాన్ పుట్టదు.
- ఆ వీల్యాన్‌కు చెందిన పోర్టు ఒక్కటైనా వెలగలేదు. కంప్యూటరు ఏదైనా కలిపి చూడండి.
- పోర్టు వెలిగింది గానీ స్పానింగ్ ట్రీ (కేబుళ్లు వలయంగా కలిసి చిక్కు రాకుండా చూసే ఏర్పాటు) ఇంకా ఫార్వర్డింగ్‌కు, అంటే ప్యాకెట్లు పంపే స్థితికి, రాలేదు. అర నిమిషం ఆగి మళ్లీ చూడండి.

ఫైర్‌వాల్ వైపు లింకుకు వీల్యాన్ అక్కరలేదు. ఆ పోర్టును నేరుగా రౌటెడ్ పోర్టుగా (తనకే ఐపీ చిరునామా ఉండే పోర్టుగా) మార్చడం మేలు:

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/24
నో స్విచ్‌పోర్ట్
ఐపీ అడ్రస్ 10.20.254.2 255.255.255.252

2960లో "నో స్విచ్‌పోర్ట్" కుదరదు. అప్పుడు వీల్యాన్ 254 అని ఒకటి సృష్టించి, ఆ ఒక్క పోర్టునే అందులో ఉంచి, దాని ఎస్‌వీఐకి ఇదే చిరునామా ఇవ్వండి.

6. రౌటింగ్ ఆన్ చేయడం, డిఫాల్ట్ రూటు

ఐపీ రౌటింగ్
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 10.20.254.1

ఈ రెండు వరుసలను ఒకదాని వెంట ఒకటి కొట్టండి. రెండోది డిఫాల్ట్ రూటు, అంటే వేరే దారి తెలియనివన్నీ ఫైర్‌వాల్‌కు పంపమనే వరుస. "ఐపీ రౌటింగ్" అమల్లోకి వచ్చిన క్షణం నుంచి, స్విచ్‌లో అంతకుముందు ఉన్న "ఐపీ డిఫాల్ట్-గేట్‌వే" వరుసను స్విచ్ పట్టించుకోదు. కాన్ఫిగరేషన్‌లో అది అలాగే కనబడుతుంది కాబట్టి చూసేవారు గేట్‌వే ఉందనే అనుకుంటారు. దూరపు సబ్‌నెట్ నుంచి పనిచేస్తున్నవారి కనెక్షన్ తెగేది ఇక్కడే.

ఇప్పుడు "షో ఐపీ రూట్" చూడండి. నేరుగా కలిసిన సబ్‌నెట్‌లు "సీ" అక్షరంతో, డిఫాల్ట్ రూటు నక్షత్రం గుర్తున్న "ఎస్"తో కనబడాలి. మన ఉదాహరణలో "సీ" వరుసలు ఆరు ఉండాలి, ఐదు వీల్యాన్‌లవి, ఒకటి లింకుది. ఒకటి తగ్గితే ఆ ఎస్‌వీఐ డౌన్‌లో ఉందని అర్థం, 5వ మెట్టుకు వెళ్లండి. పట్టికకు బదులు ఒక గేట్‌వే పేరు మాత్రమే కనబడితే రౌటింగ్ ఆన్ కాలేదు.

7. ఫైర్‌వాల్ వైపు పని

స్విచ్ పని బాగా చేసి ఇక్కడ వదిలేసేవారే ఎక్కువ. ఖాతాల కంప్యూటరు 10.20.10.25 నుంచి బయలుదేరిన ప్యాకెట్ స్విచ్ దాటి, ఫైర్‌వాల్ దాటి, ఇంటర్నెట్‌కు వెళ్లిందనుకుందాం. జవాబు ఫైర్‌వాల్‌కు చేరింది. 10.20.10.25 ఎక్కడుందో ఫైర్‌వాల్‌కు ఎలా తెలుస్తుంది? దానికి తెలిసింది 10.20.254.0/30 ఒక్కటే. మిగతావాటికి రూటు మనం చెప్పాలి, లేకపోతే తన డిఫాల్ట్ రూటు ప్రకారం ఆ జవాబును మళ్లీ ఇంటర్నెట్ వైపే తోసేస్తుంది.

ఫైర్‌వాల్‌లో మూడు పనులు చేయాలి.

మొదటిది, తిరుగురూటు. 10.20.0.0, మాస్కు 255.255.0.0, తదుపరి గమ్యం 10.20.254.2. పట్టికలో అన్నీ 10.20 తో మొదలుపెట్టినందుకు ఫలితం ఇదే.

రెండోది, నాట్ (లోపలి చిరునామాలను ఇంటర్నెట్‌లో చెల్లే చిరునామాగా మార్చడం). పాత నాట్ నియమం పాత సబ్‌నెట్‌కు మాత్రమే రాసి ఉంటుంది. అందులో 10.20.0.0/16 చేర్చండి. దీనితో పాటు బయటకు వెళ్లే అనుమతి నియమంలో కూడా అదే శ్రేణి ఉండాలి.

మూడోది, పాత కాళ్లు తీసేయడం. అంతకుముందు ఫైర్‌వాలే వీల్యాన్‌లకు గేట్‌వేగా ఉన్నట్టయితే, దానికి వీల్యాన్ 10, 20 లలో ఇంకా చిరునామాలు ఉంటాయి. అప్పుడు కంప్యూటరు నుంచి ప్యాకెట్ స్విచ్ మీదుగా లింకు గుండా ఫైర్‌వాల్‌కు వస్తుంది, జవాబు మాత్రం ఫైర్‌వాల్ నుంచి నేరుగా వీల్యాన్ 10లోకి పోతుంది. ఒక దారిలో వచ్చి మరో దారిలో వెళ్లే సంభాషణను స్థితి గమనించే ఫైర్‌వాల్ అనుమానించి తెంచేస్తుంది. పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు) ఒకసారి పలికి, వెబ్ పేజీలు సగంలో ఆగిపోతుంటే ముందు దీన్నే అనుమానించండి. పాత వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లను ఫైర్‌వాల్ నుంచి తొలగిస్తే గానీ ఇది పోదు.

ఆ పెద్ద తిరుగురూటు వల్ల ఒక చిక్కు కూడా వస్తుంది. 10.20.77.5 అనే చిరునామా మన దగ్గర లేదు. ఏదైనా పరికరం పొరపాటున దాన్ని వెతికితే, స్విచ్ తన డిఫాల్ట్ రూటు ప్రకారం ఫైర్‌వాల్‌కు పంపుతుంది, ఫైర్‌వాల్ /16 రూటు ప్రకారం స్విచ్‌కే తిప్పి పంపుతుంది. టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని మజిలీలు దాటవచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా ఆ ప్యాకెట్ రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్‌లో ఈ ఒక్క వరుసతో అది ఆగుతుంది:

ఐపీ రూట్ 10.20.0.0 255.255.0.0 నల్0

నల్0 అంటే వచ్చినదాన్ని పారేసే చోటు. ఉన్న వీల్యాన్‌లకు మరింత నిర్దిష్టమైన /24 రూటులున్నాయి కాబట్టి వాటికి భంగం లేదు. లేని చిరునామాలు మాత్రమే స్విచ్ దగ్గరే ఆగిపోతాయి.

8. డీహెచ్‌సీపీ

డీహెచ్‌సీపీ అంటే కంప్యూటర్లకు చిరునామాలను సర్వరు తానే పంచే ఏర్పాటు. కంప్యూటరు చిరునామా కోసం వేసే కేక బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వినబడేలా వేసేది), అది తన వీల్యాన్ దాటదు. సర్వరు 10.20.40.10 వద్ద ఉంటే, మిగతా ఎస్‌వీఐలలో ఇలా రాయాలి:

ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
ఐపీ హెల్పర్-అడ్రస్ 10.20.40.10

స్విచ్ ఆ కేకను తన 10.20.10.1 చిరునామా జతచేసి సర్వరుకు చేరవేస్తుంది. సర్వరు దాన్ని బట్టే ఏ స్కోపు (పంచడానికి ఉంచిన చిరునామాల వరుస) నుంచి ఇవ్వాలో ఎంచుకుంటుంది. కనుక ప్రతి వీల్యాన్‌కు సర్వరులో ఒక స్కోపు, అందులో సరైన గేట్‌వే ఉండాలి.

కంప్యూటరుకు 169.254 తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే జవాబు అందలేదు. అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే సర్వరు గేట్‌వే చూడండి. అది 10.20.40.1 కాక పాత ఫైర్‌వాల్ చిరునామాగా ఉంటే, సర్వరు పంపే చిరునామా స్విచ్‌ను చేరదు.

9. పరీక్షించే వరుస

ఖాతాల విభాగం కంప్యూటరు నుంచి మొదలుపెట్టి, ఒక మెట్టు నెగ్గాకే తరువాతిది చేయండి.

- 10.20.10.1 కు పింగ్. పలకకపోతే లోపం ఆ పోర్టుకిచ్చిన వీల్యాన్‌లోనో ట్రంకులోనో ఉంది.
- 10.20.40.1 కు పింగ్. పలకకపోతే కంప్యూటరు గేట్‌వే చూడండి.
- 10.20.40లో ఒక ప్రింటరుకు పింగ్.
- 10.20.254.1 కు పింగ్. పలకకపోతే ఫైర్‌వాల్ తిరుగురూటు లేదు, లేదా దాని లోపలి వైపు పింగ్ మూసి ఉంది.
- ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వరు 8.8.8.8 కు పింగ్. ఇది ఒక్కటే ఆగితే నాట్ నియమం చూడండి.
- చివరగా ఒక వెబ్‌సైటు పేరుతో. పేరు మాత్రమే పలకకపోతే డీఎన్‌ఎస్ (పేరును చిరునామాగా మార్చే సేవ) చూడండి.

రెండో మెట్టు నెగ్గితే వీల్యాన్ 40 చేరినట్టే అనుకోవద్దు. 10.20.40.1 కూడా అదే స్విచ్‌లో ఉంది, మీ ప్యాకెట్ స్విచ్ లోపలికి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. నిజమైన పరీక్ష మూడోది.

మూడో మెట్టుకు ప్రింటరునే ఎంచుకోమనడానికి కారణం ఉంది. విండోస్ ఫైర్‌వాల్ సాధారణంగా వేరే సబ్‌నెట్ నుంచి వచ్చిన పింగ్‌కు జవాబివ్వనివ్వదు. కంప్యూటరుకు పింగ్ చేసి పలకలేదని రౌటింగ్‌ను తప్పుపట్టడం కాలం వృథా.

కంప్యూటరు దగ్గరకు వెళ్లలేనప్పుడు స్విచ్ నుంచే "పింగ్ 10.20.40.20 సోర్స్ వీల్యాన్ 10" కొట్టండి. సోర్స్ లేకుండా కొడితే స్విచ్ వీల్యాన్ 40లోని తన చిరునామాతోనే పలుకుతుంది, ప్రింటరుకు గేట్‌వే లేకపోయినా జవాబు వస్తుంది, లోపం బయటపడదు.

10. తరచుగా ఎదురయ్యే లోపాలు, సవరణలు

స్విచ్ నుంచి కెమెరా రికార్డరు పలుకుతుంది, ఇతర విభాగాల నుంచి పలకదు. రికార్డరులో గేట్‌వే ఖాళీగానో, 0.0.0.0 గానో ఉంటుంది. అమర్చినవారు ఒకే సబ్‌నెట్ ఉన్న రోజుల్లో దాన్ని అలా వదిలేసి ఉంటారు. 10.20.30.1 పెట్టండి. ప్రింటర్లు, హాజరు యంత్రాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఒకే ఒక్క కంప్యూటరు కొన్నిటిని చేరుతుంది, కొన్నిటిని చేరదు. చేతితో పెట్టిన మాస్కు 255.255.0.0 అయి ఉంటుంది. అప్పుడది 10.20 తో మొదలయ్యే ప్రతిదీ తన వీల్యాన్‌లోనే ఉందనుకుని గేట్‌వేను అడగదు. సిస్కో స్విచ్‌లలో ప్రాక్సీ ఆర్ప్ (వేరే సబ్‌నెట్‌లోని పరికరం బదులు స్విచ్చే జవాబు చెప్పడం) మామూలుగా ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఈ తప్పు చాలాకాలం కప్పిపుచ్చుకుని ఉండి, స్విచ్ మార్చిన రోజున బయటపడుతుంది.

గేట్‌వే చిరునామాను మార్చకుండా ఫైర్‌వాల్ నుంచి స్విచ్‌కు తరలించాక కొన్ని పరికరాలు ఆగిపోతాయి. వాటి దగ్గర గేట్‌వే పాత మ్యాక్ చిరునామా (పరికరం సొంత గుర్తింపు సంఖ్య) నిలిచి ఉంది. కంప్యూటరులో ఆర్ప్ పట్టికను (ఏ ఐపీకి ఏ మ్యాక్ అని రాసుకున్నదాన్ని) చెరిపేయండి, ప్రింటరునైతే ఆపి వెలిగించండి.

11. విభాగాల మధ్య అడ్డు

రౌటింగ్ ఆన్ చేసిన మరుక్షణం ప్రతి వీల్యాన్ నుంచి ప్రతి వీల్యాన్‌కు దారి తెరుచుకుంటుంది. కెమెరాల వీల్యాన్ నుంచి ఖాతాల సర్వరుకు దారి ఉండనవసరం లేదు. 9వ మెట్టు పరీక్షలన్నీ నెగ్గాకే ఈ పని మొదలుపెట్టండి. ఏ ప్యాకెట్ వెళ్లవచ్చో, ఏది ఆగాలో చెప్పే జాబితా (యాక్సెస్-లిస్ట్) ఇది:

యాక్సెస్-లిస్ట్ 130 పర్మిట్ యూడీపీ ఎనీ ఈక్యూ 68 ఎనీ ఈక్యూ 67
యాక్సెస్-లిస్ట్ 130 పర్మిట్ టీసీపీ 10.20.30.0 0.0.0.255 10.20.0.0 0.0.255.255 ఎస్టాబ్లిష్డ్
యాక్సెస్-లిస్ట్ 130 డినై ఐపీ 10.20.30.0 0.0.0.255 10.20.0.0 0.0.255.255
యాక్సెస్-లిస్ట్ 130 పర్మిట్ ఐపీ 10.20.30.0 0.0.0.255 ఎనీ
ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 30
ఐపీ యాక్సెస్-గ్రూప్ 130 ఇన్

మొదటి వరుస డీహెచ్‌సీపీ కోసం. రెండో వరుస తిరుగుదారి కోసం: టీసీపీలో (ముందు సంబంధం పెట్టుకుని పంపే పద్ధతిలో) ఇప్పటికే మొదలైన సంభాషణకు జవాబులను అది వదులుతుంది. స్విచ్‌లోని ఈ జాబితాకు ఫైర్‌వాల్‌లా సంభాషణ గుర్తుండదు. రెండో వరుస లేకపోతే మేనేజరు గది నుంచి కెమెరా చూడబోయినా, కెమెరా పంపే జవాబు మూడో వరుస దగ్గర ఆగిపోతుంది. దృశ్యం యూడీపీలో (సంబంధం పెట్టుకోకుండా పంపే పద్ధతిలో) వస్తుంటే ఈ వరుస కూడా చాలదు, చూసే సాఫ్ట్‌వేర్‌లో టీసీపీని ఎంచుకోవాలి. కెమెరాల వైపు నుంచి పింగ్ జవాబులు ఇకపై రావు, అది లోపం కాదు.

12. భద్రపరచడం, రెండో శాఖ

అంతా నిలకడగా ఉందనుకున్నాక "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్" కొట్టి, కొత్త కాన్ఫిగరేషన్ నకలును స్విచ్ బయట ఒకచోట దాచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు రోజుల తరబడి లేదు, ఏ యూపీఎస్సూ అంతకాలం ఆగదు. సేవ్ చేయని రూటు అలాంటప్పుడు పోతుంది, అసలు ఏమి రాశామో గుర్తుండదు. చిరునామాల పట్టికను ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించండి.

తరువాత గాజువాకలో శాఖ తెరిచి, దానికి 10.21.0.0/16 కేటాయించి, 10.20.254.4/30 మీద వేరే లింకు వేశారనుకోండి. ఇక్కడి స్విచ్‌లో ఆ శాఖకు ఒక రూటు, అక్కడి స్విచ్‌లో ఇక్కడికి ఒక రూటు, రెండూ ఒకేరోజు రాయాలి. గాజువాక వారు ఇంటర్నెట్ కూడా ఇక్కడి ఫైర్‌వాల్ నుంచే వాడితే, అక్కడి స్విచ్‌లో డిఫాల్ట్ రూటును ఈ లింకు వైపు పెట్టి, ఫైర్‌వాల్ తిరుగురూటులోనూ నాట్‌లోనూ 10.21.0.0/16 చేర్చాలి. రెండు చోట్ల వరకు చేతితో రాసిన రూటులే నయం. మూడో శాఖ వచ్చి, లింకులు ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా ఉండాలనుకున్నప్పుడు ఓఎస్‌పీఎఫ్ (స్విచ్‌లు దారులను తమలో తామే చెప్పుకునే పద్ధతి) వైపు వెళ్లండి.